పది సెంట్ల పుస్తకాలు: ప్రీ-కోడ్ హారర్, క్రైమ్ కామిక్స్ సేకరించడం ఎలా

సేకరణ మొదలుపెట్టే ముందు ఒక తేదీ గుర్తుపెట్టుకోండి: 1954 అక్టోబరు 26. అమెరికా కామిక్ ప్రచురణకర్తల సంఘం తనకు తానే ఒక నియమావళిని విధించుకున్న రోజు అది. దాని పేరే కామిక్స్ కోడ్. ఆ కోడ్ ప్రకారం పుస్తకం పేరులో హారర్, టెర్రర్ అనే మాటలు ఉండకూడదు. ముఖచిత్రం మీద క్రైమ్ అన్న మాట మిగతా అక్షరాల కన్నా కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు, తోడేలు మనుషులు, నరమాంస భక్షణ కథల్లోకి రాకూడదు. నేరం చేసినవాడికి ప్రతి కథలోనూ శిక్ష పడి తీరాలి. 1955 ఆరంభం నుంచి ఈ కోడ్ ముద్ర లేని పుస్తకాలను టోకు పంపిణీదారుల్లో చాలామంది ముట్టుకోలేదు. అంతకుముందు, ముఖ్యంగా చివరి ఏడెనిమిదేళ్లలో, అమెరికా పత్రికల దుకాణాల్లో పది సెంట్లకు దొరికిన భయానక, నేర కథల పుస్తకాలనే ఇప్పుడు ప్రీ-కోడ్ కామిక్స్ అంటున్నారు.

అవి ఎందుకు అరుదయ్యాయో తెలిస్తే ఎలా వెతకాలో తెలుస్తుంది. అచ్చయినప్పుడు వాటికి కొరత లేదు. అవి దాచుకోవలసిన వస్తువులని మాత్రం ఎవరూ అనుకోలేదు. పిల్లలు చదివి చేతులు మార్చుకున్నారు, పెద్దవాళ్లు చెత్తలో వేశారు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ వంటి ఊళ్లలో బడిపిల్లల చేతనే పోగుచేయించి తగలబెట్టించారు. అమ్ముడుపోని ప్రతుల అట్టనో, అట్ట పైభాగాన్నో చించి పంపితే దుకాణదారుకు డబ్బు వాపసు వచ్చేది. అట్ట లేని ప్రతులూ, పేరున్న పైభాగం కత్తిరించిన ప్రతులూ ఇప్పటికీ తరచుగా కనిపించడానికి కారణం అదే. ఇన్ని గండాలు దాటి వచ్చిన పుస్తకం కొత్తదానిలా ఉండాలని పట్టుబడితే మీ సేకరణ నాలుగైదు ప్రతుల దగ్గర ఆగిపోతుంది, మీ పొదుపు కూడా అక్కడే అయిపోతుంది. కాబట్టి నా సలహా ఇది: చదవడానికి కొనండి. పేజీలన్నీ ఉన్న, ఎవరూ రంగులు పూయని, కాగితం ఇంకా మెత్తగా వంగుతున్న ప్రతిని వెతకండి. అట్ట నలిగితే నలగనివ్వండి.

ముందు ఉచితంగా చదవండి

మొదటి పుస్తకానికి డబ్బు పెట్టే ముందు కనీసం యాభై కథలు చదవండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్‌ను 28వ ఏడాదిలో పునరుద్ధరించుకోవాలి. మూతపడిన ప్రచురణ సంస్థల్లో చాలావరకు ఆ పని చేయలేదు. అలా ప్రజల సొత్తయిన వందలాది సంచికలను అభిమానులు స్కాన్ చేసి డిజిటల్ కామిక్ మ్యూజియం, కామిక్ బుక్ ప్లస్ అనే రెండు వెబ్‌సైట్లలో పెట్టారు. ఏ సంచికలో ఏ కథ ఉంది, బొమ్మలు ఎవరు వేశారు అన్న వివరాలకు గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ చూడండి. ఈసీ సంస్థ పుస్తకాలు మాత్రం ప్రజల సొత్తు కాలేదు, వాటిని అధికారిక పునర్ముద్రణల్లో చదవాలి.

చదువుతున్నప్పుడు ప్రచురణ సంస్థల మధ్య తేడా గమనించండి. బజారులో పనికొచ్చే చూపు ఇక్కడే అలవడుతుంది.

ఈసీ అందరికన్నా పైన ఉంది, ఆ పేరు న్యాయంగానే వచ్చింది. 1947లో తండ్రి మాక్స్ గెయిన్స్ పడవ ప్రమాదంలో చనిపోవడంతో విలియం గెయిన్స్ చేతికి ఆ సంస్థ వచ్చింది. 1950లో సంపాదకుడు అల్ ఫెల్డ్‌స్టీన్‌తో కలిసి ఆయన భయానక కథలు మొదలుపెట్టాడు. టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్, ద వాల్ట్ ఆఫ్ హారర్, ద హాంట్ ఆఫ్ ఫియర్ అనేవి మూడు భయానక పత్రికలు. నేర కథలకు క్రైమ్ సస్పెన్‌స్టోరీస్, అన్నీ కలగలిపిన షాక్ సస్పెన్‌స్టోరీస్ వేరు. మొదటి మూడింటిలోనూ క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్ అనే ముగ్గురు కథకులు వికటంగా నవ్వుతూ కథ చెబుతారు. చందమామలో బేతాళుడు విక్రమార్కుణ్ని పలకరించే తీరు చదివి పెరిగినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే దగ్గరవుతుంది. గ్రాహం ఇంగెల్స్ గీతల్లో మనుషులే కుళ్లి కారుతున్నట్టుంటారు. జానీ క్రెయిగ్ శుభ్రమైన గీతతో అంతకన్నా ఎక్కువ భయపెడతాడు. జాక్ డేవిస్, వాలీ వుడ్, రీడ్ క్రాండల్ ఎవరికి వారే. మంచి రాత, మంచి బొమ్మ ఒకేచోట దొరకడం ఈ రంగంలో అరుదు. ఈసీలో ఆ రెండూ ఇంచుమించు ప్రతి సంచికలో ఉంటాయి.

హార్వీ సంస్థ నాకు రెండో స్థానంలో కనిపిస్తుంది. చాంబర్ ఆఫ్ చిల్స్, విచెస్ టేల్స్, టూంబ్ ఆఫ్ టెర్రర్, బ్లాక్ క్యాట్ మిస్టరీ దీనివే. లీ ఎలియాస్ ముఖచిత్రాలు, లోపల బాబ్ పావెల్, హోవార్డ్ నాస్ట్రాండ్ బొమ్మలు ఉంటాయి. 1954లో వచ్చిన బ్లాక్ క్యాట్ మిస్టరీ 50వ సంచిక ముఖచిత్రంలో రేడియం తగిలి ఒక మనిషి ముఖం కరిగిపోతూ ఉంటుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేం, దాని ధరా అలాగే ఉంటుంది. తర్వాతి కాలంలో మార్వెల్‌గా మారిన అట్లాస్ లెక్కలేనన్ని పత్రికలు తెచ్చింది. నాణ్యత ఒకేలా ఉండదు గానీ మంచి కథ తగిలితే చాలా మంచిది. ఏసీజీ అనే సంస్థ 1948లో మొదలుపెట్టిన అడ్వెంచర్స్ ఇంటు ది అన్‌నోన్ మొదటి నిరంతర భయానక పత్రిక. దయ్యాల కథలు చెప్పినా అది నెత్తురు పెద్దగా చూపదు. స్టార్ సంస్థకు ఎల్.బి.కోల్ వేసిన ముఖచిత్రాల రంగులు పోస్టర్లలా కళ్లకు కొడతాయి, లోపల మాత్రం తరచుగా వేరే సంస్థల పాత కథలే తిరిగి వేశారు. ముఖచిత్రం చూసి డబ్బిచ్చి లోపల నిరాశపడకుండా ఉండాలంటే ముందు స్కాన్ చదవాలి. బాసిల్ వోల్వర్టన్ అనే విచిత్రమైన చేయి గల చిత్రకారుడు మిస్టర్ మిస్టరీ, వియర్డ్ మిస్టరీస్ వంటి చిన్న పత్రికల్లో కనిపిస్తాడు. ఆయన గీసిన ఒక్క పేజీ చూస్తే చాలు, ఇక ఎక్కడైనా పోల్చుకుంటారు.

నేర కథలకు మూలం లెవ్ గ్లీసన్ సంస్థ 1942లో తెచ్చిన క్రైమ్ డస్ నాట్ పే. చార్ల్స్ బైరో, బాబ్ వుడ్ దాని సంపాదకులు. పొడవాటి టోపీ పెట్టుకున్న మిస్టర్ క్రైమ్ అనే నీడమనిషి దాని కథకుడు. అంటే ఈసీ కథకుల కన్నా ముందే ఆ ఆలోచన ఇక్కడ ఉంది. ఈ పత్రిక విజయం చూసి 1947, 1948ల్లో నేర పత్రికలు గుంపులుగా వచ్చాయి. వాటిలో జాక్ కోల్ తయారుచేసిన ట్రూ క్రైమ్ కామిక్స్ 1947 సంచికను తప్పక చదవండి. కథనవేగంలో దానికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

ఒక హెచ్చరిక. ఈ కథల్లో ఆఫ్రికా, ఆసియా, కరేబియన్ ప్రజలను అనాగరికులుగా, మాంత్రికులుగా చూపించినవి చాలా ఉన్నాయి. ఆడవాళ్ల మీద హింసను వినోదంగా అమ్మినవీ ఉన్నాయి. ఆ కాలపు రోత కూడా వీటిలో అచ్చయి ఉంది. తెలిసి కొనండి, పిల్లలకు అందని చోట ఉంచండి.

ఒక దారి ఎంచుకోండి

అన్నీ కొనాలనుకుంటే ఏదీ పూర్తికాదు. ఒక చిత్రకారుణ్ని పట్టుకోండి, లేదా ఒక చిన్న పత్రికను మొదటి నుంచి చివరి దాకా సేకరించండి, లేదా ప్రతి ప్రచురణ సంస్థ నుంచి ఒక్కో ప్రతి చొప్పున తీసుకోండి. కొత్తవారికి మూడోది బాగుంటుందని నా అభిప్రాయం. పదిహేను, ఇరవై పుస్తకాల్లోనే ఆ కాలమంతా చేతికందుతుంది, ఏది మీకు నిజంగా నచ్చిందో కూడా తేలుతుంది. ఏస్ సంస్థవారి వెబ్ ఆఫ్ మిస్టరీ, ద బియాండ్, ఏసీజీవారి పత్రికలు సాధారణంగా ఈసీ, హార్వీల కన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. వాటితో మొదలుపెట్టండి.

ముఖచిత్రం చుట్టూ తిరిగే ధరల జోలికి మొదట్లో పోకండి. ఉరి, తెగిన తల, సూది, కుళ్లిన శవం ఉన్న ముఖచిత్రాలకు నేడు విపరీతమైన పోటీ ఉంది. అదే పత్రిక పక్క సంచికలో అంతే మంచి కథలు ఉండి, ముఖచిత్రం కాస్త మామూలుగా ఉంటే ధర ఎంతో తగ్గుతుంది.

అమ్మకందారుల వివరణల్లో సోటి అన్న పొట్టిపేరు కనిపిస్తుంది. మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ 1954లో కామిక్స్‌ను నిందిస్తూ రాసిన సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్ అనే పుస్తకానికి అది సంకేతం. ఆ పుస్తకంలో ప్రస్తావించిన సంచికలకు, అందులో బొమ్మ అచ్చు వేసిన సంచికలకు ఎక్కువ ధర పలుకుతుంది. పైన చెప్పిన ట్రూ క్రైమ్ సంచికలో కంటి దగ్గర సూది పట్టుకున్న బొమ్మ అలాంటిదే. వెర్థమ్ కాగితాలు 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, ఆయన పిల్లల వాంగ్మూలాలను తనకు కావలసినట్టు మార్చాడని కారొల్ టిల్లీ అనే పరిశోధకురాలు 2012లో చూపించారు. అలాంటి సంచిక ఒకటి దగ్గర ఉంచుకోవడం చరిత్ర దృష్ట్యా విలువైనదే. సోటి అన్న పేరు కనిపించిన ప్రతిదానికీ అదనంగా చెల్లించడం అనవసరం. అలాగే క్రైమ్ సస్పెన్‌స్టోరీస్ 22వ సంచిక. 1954 ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో బాలనేరాల మీద అమెరికా సెనేట్ ఉపసంఘం జరిపిన విచారణలో సెనేటర్ కీఫావర్ ఆ ముఖచిత్రాన్ని ఎత్తి చూపి, గొడ్డలి, తెగిన స్త్రీ తల ఉన్న ఈ బొమ్మ సభ్యతగా ఉందా అని గెయిన్స్‌ను అడిగాడు. భయానక పత్రికకు తగినట్టే ఉందని గెయిన్స్ జవాబిచ్చాడు. ఆ ఒక్క సంభాషణ వల్ల ఆ సంచిక ధర నేడు సామాన్యుడికి అందనంత పైకి పోయింది. దాన్ని పునర్ముద్రణలో చదువుకోవడమే మేలు.

తేదీ, ముద్ర, సంచిక సంఖ్య

కోడ్ ముద్ర లేనంత మాత్రాన పుస్తకం ప్రీ-కోడ్ అయిపోదు. డెల్ సంస్థ కోడ్‌లో ఎన్నడూ చేరలేదు, కాబట్టి దాని 1960ల పుస్తకాల మీద కూడా ముద్ర ఉండదు. ఇజ్రాయెల్ వాల్డ్‌మన్ నడిపిన ఐ.డబ్ల్యూ. సంస్థ 1958 నుంచి పాత సంచికలను ముద్ర లేకుండా, తరచుగా కొత్త ముఖచిత్రాలతో తిరిగి వేసింది. లోపలి కథలు పాతవే అయినా పుస్తకం పాతది కాదు. మరోవైపు, ముద్ర ఉన్నంత మాత్రాన కోడ్ తర్వాతిది అనుకోవడమూ పొరపాటే. 1948లో ఏసీఎంపీ అనే మరో సంఘం ఒక బలహీనమైన నియమావళి తెచ్చింది. నక్షత్రం ఆకారంలో ఉండే దాని ముద్ర అసలైన ప్రీ-కోడ్ నేర పత్రికల మీద కనిపిస్తుంది. 1955 నాటి ముద్ర తపాలాబిళ్ల ఆకారంలో ఉంటుంది.

తేదీ కోసం లోపలి అట్ట మీదో, మొదటి పేజీ అడుగునో ఉండే చిన్న అక్షరాల ప్రకటన చదవండి. పత్రిక అసలు పేరు, సంచిక సంఖ్య, నెల, సంవత్సరం అక్కడే ఉంటాయి. అట్ట మీది నెల, అమ్మకానికి వచ్చిన నెల ఒకటి కావు. సాధారణంగా రెండు మూడు నెలలు ముందు తేదీ వేసేవారు. అందుకే 1955 ఫిబ్రవరి, మార్చి తేదీలున్న ఈసీ చివరి సంచికలు కూడా ప్రీ-కోడ్ కిందికే వస్తాయి.

సంచిక సంఖ్యల్లో కొత్తవారు తికమకపడే చోట్లు చాలా ఉన్నాయి. కొత్త పత్రిక పెడితే తపాలా రాయితీ అనుమతికి మళ్లీ రుసుము కట్టాలి. దాన్ని తప్పించుకోవడానికి పాత పత్రిక పేరు మార్చి సంఖ్యను కొనసాగించేవారు. క్రైమ్ పెట్రోల్ 16వ సంచిక తర్వాత ద క్రిప్ట్ ఆఫ్ టెర్రర్ 17 వచ్చింది, 20వ సంచిక నుంచి అదే టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్. హాంట్ ఆఫ్ ఫియర్ మరీ చిక్కు. అది 15, 16, 17 సంఖ్యలతో మొదలై, తర్వాత హఠాత్తుగా 4కు వెళ్లింది. కాబట్టి 15, 16, 17 సంఖ్యలున్న సంచికలు రెండేసి ఉన్నాయి. 1950 నాటివి చాలా ఖరీదు, 1952, 1953ల్లో వచ్చినవి అంత కాదు. సంవత్సరం చూడకుండా బేరం కుదుర్చుకోకండి. కెనడా 1949లోనే నేర కామిక్స్‌ను నిషేధించింది. అందువల్ల క్రైమ్ సస్పెన్‌స్టోరీస్ మొదటి సంచికలను సుపీరియర్ సంస్థ అక్కడ వియర్డ్ సస్పెన్‌స్టోరీస్ పేరుతో వేసింది. అవి నకిలీలు కావు, వాటికి వేరే ధర ఉంది, అంతే.

ఈసీ సంచికలను 1973 నుంచి ఈస్ట్ కోస్ట్ కామిక్స్, 1990లలో గ్లాడ్‌స్టోన్, రస్ కోక్రన్, జెమ్‌స్టోన్ సంస్థలు కామిక్ రూపంలోనే తిరిగి వేశాయి. ఫొటోలో చూస్తే పొరబడవచ్చు. అట్ట మీద ధర, లోపల సంవత్సరం, వెనక అట్ట మీది ప్రకటన అడిగి చూడండి.

పుస్తకాన్ని పరీక్షించడం

మొదట కాగితం చూడండి. అట్ట అందం తర్వాత. ఇవి చవక కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. ఆ కాగితంలో ఉండే లిగ్నిన్ గాలికి, వెలుతురుకు రంగు మారి ఆమ్లంగా తయారవుతుంది. తెలుపు, మీగడరంగు, లేత గోధుమ, ముదురు గోధుమ, చివరకు పెళుసు, ఇదీ వరుస. మీగడరంగు దాకా నిశ్చింతగా కొనవచ్చు. పేజీ మూలను వేలితో సున్నితంగా వంచితే తిరిగి లేవాలి. పొడిలా రాలితే, విరిగితే, ఆ పుస్తకం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పెళుసుదనాన్ని వెనక్కి తిప్పే మార్గం ఇంట్లో ఎవరికీ లేదు.

తర్వాత పేజీలు లెక్కపెట్టండి. 1950లలో సాధారణంగా అట్ట కాక 32 పేజీలు, అంటే మడిచిన ఎనిమిది కాగితాలు. 1940ల చివరి పుస్తకాల్లో 48 కూడా ఉంటాయి. స్కాన్‌ను పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిపోల్చండి. మధ్య కాగితం పిన్నుల నుంచి ఊడి పోవడం మామూలు, దానితోపాటు నాలుగు పేజీల కథ పోతుంది. ప్రకటనల మీది కూపన్లు కత్తిరించారేమో చూడండి. కూపన్ వెనక కథ బొమ్మలు ఉంటే కథకే చిల్లు పడినట్టు. రెండు పేజీల అక్షరాల కథ ప్రతి సంచికలో ఉంటుంది. తపాలా నిబంధన కోసం పెట్టిన ఆ పేజీలను ఎవరూ పెద్దగా చదవరు గానీ అవి లేకపోతే పుస్తకం అసంపూర్ణమే.

వెన్ను పగిలిందా, ఎంత పొడవున పగిలింది? పిన్నులు తుప్పు పట్టాయా? తుప్పు చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. అట్ట రెండు పిన్నుల దగ్గరా అంటుకుని ఉందా? నీటి మరక ఉంటే పేజీలు అలలా లేచి ఉంటాయి. బూజు వాసన వస్తే ముట్టుకోకండి, అది మిగతా పుస్తకాలకు కూడా పాకుతుంది. సెల్లోటేపు వేసినచోట పసుపు మరక శాశ్వతం.

క్షమించదగ్గ లోపాలు ఇవి: దుకాణదారు పెన్సిల్‌తో రాసుకున్న తేదీ, పై అంచున పంపిణీదారు కొట్టిన రంగు చార, పిల్లవాడు రాసుకున్న పేరు. అట్లాస్ పుస్తకాల కుడి అంచున చిన్న చిన్న ముక్కలు రాలడం అచ్చాఫీసులో మొద్దుబారిన కత్తి వల్ల వచ్చిన లోపం. మడతలు, కాస్త వంకర తిరిగిన వెన్ను చదువరికి అడ్డం కావు, ధర మాత్రం బాగా తగ్గిస్తాయి.

పుస్తకం ఎంత బాగుందన్న స్థాయిని 0.5 నుంచి 10 వరకు అంకెలతో చెబుతారు. 2.0 అంటే గుడ్, 4.0 వెరీ గుడ్, 6.0 ఫైన్, 8.0 వెరీ ఫైన్. పేర్లు మోసపుచ్చుతాయి. గుడ్ అన్నది బాగా వాడిన, అయినా పూర్తిగా ఉన్న పుస్తకం. చదువరికి 1.8 నుంచి 4.0 మధ్యే సరైన చోటు. 2.0 ప్రతికి, 8.0 ప్రతికి మధ్య పదింతల తేడా ఉండటం కూడా మామూలే, కథలో మాత్రం ఒక్క అక్షరం ఎక్కువ రాదు.

దాచిపెట్టిన మరమ్మతులు

ధర పెరిగిన కొద్దీ చేతివాటం పెరిగింది. నలిగిన చోట రంగు పూస్తారు, చిరుగును జిగురుతో అతికిస్తారు, అరిగిన అంచును కత్తిరిస్తారు, ఒక ప్రతి అట్టను మరో ప్రతి పేజీలకు తగిలిస్తారు. మరమ్మతు చేయడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. అట్ట తెరిచి లోపలివైపు చూడండి, పూసిన రంగు తరచుగా అటు ఊరి కనిపిస్తుంది. వెన్ను మీది నల్లరంగును భూతద్దంతో చూడండి. అసలు అచ్చులో చిన్న చుక్కలు కనిపిస్తాయి, మార్కర్ పూస్తే చుక్కలు ఉండవు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే కొత్త జిగురు, కొత్త రంగు చుట్టుపక్కల కన్నా వేరుగా మెరుస్తాయి. అంచులు కత్తిరించారన్న అనుమానం వస్తే అదే సంస్థ, అదే సంవత్సరపు మరో పుస్తకంతో కొలిచి చూడండి. డెబ్బై ఏళ్ల పుస్తకానికి కొత్త పుస్తకంలా పదునైన అంచు ఉంటే అడగవలసిందే.

ఇంత పరీక్ష మీవల్ల కాదనుకుంటే, 2000లో మొదలైన సీజీసీ, ఆ తర్వాత వచ్చిన సీబీసీఎస్ వంటి సంస్థలు పరిశీలించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన ప్రతులు దొరుకుతాయి. సీజీసీలో నీలం లేబుల్ మామూలు ప్రతికి, ఊదా లేబుల్ మరమ్మతు చేసినదానికి, ఆకుపచ్చ ఒక ప్రత్యేక లోపం ఉన్నదానికి. పాత పుస్తకాల్లో అతి కొద్ది రంగో, జిగురో ఉంటే నీలం లేబులే ఇచ్చి పక్కన రాస్తారు, ఆ వాక్యం తప్పక చదవండి. బిగించిన పుస్తకాన్ని చదవలేం. పుస్తకాన్ని తెరవకుండా గోడకు పెట్టుకోవడం నాకు నచ్చదు. కానీ ఖరీదైన ప్రతి మొదటిసారి కొనేటప్పుడు ఆ పెట్టె భద్రతనిస్తుందని ఒప్పుకోవాలి. ఇక ఊదా లేబుల్ ప్రతులంటే బజారుకు చిన్నచూపు. అందువల్లే గొప్ప సంచికలు చదువరికి తక్కువలో దొరికే దారి అది.

ఎక్కడ, ఎంతకు కొనాలి

ధర తెలుసుకోవాలంటే అమ్మకందారు అడిగిన ధర చూడకండి, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా వడపోసి చూడవచ్చు. డాలస్‌లోని హెరిటేజ్ వేలం సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే పాత వేలాల ఫలితాలు ఫొటోలతో సహా కనిపిస్తాయి. అదొక్కటే పెద్ద పాఠశాల. 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం ఏ సంచికలో ఏ విశేషం ఉందో తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. ధరల విషయంలో మాత్రం వేగంగా కదిలే బజారును అది వెనకనుంచి అందుకుంటుంది. వేలంలో పాడేటప్పుడు కొనుగోలుదారు రుసుము, పన్ను, రవాణా కలిపి మీ పరిమితి ముందే కాగితం మీద రాసుకోండి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి సదుపాయం ఎక్కువ. షార్లట్‌లో జరిగే హీరోస్ కన్వెన్షన్, బాల్టిమోర్ కామిక్-కాన్ వంటి చోట్ల పాత పుస్తకాల వర్తకులు పెట్టెలకు పెట్టెలు తెస్తారు. చేత్తో పట్టుకుని, వాసన చూసి, పేజీలు లెక్కపెట్టి కొనే అవకాశం మరెక్కడా రాదు. చివరి రోజు మధ్యాహ్నం బేరం ఆడటానికి మంచి సమయం. ఆ సంచిక గురించి మీకు తెలిసింది వర్తకుడితో మాట్లాడండి. చదివి కొనేవాడంటే చాలామంది వర్తకులకు ఇష్టం, బల్ల కింద పెట్టెలోవి కూడా తీసి చూపిస్తారు.

ఆన్‌లైన్‌లో కొంటే అట్ట రెండువైపులా, లోపలి అట్ట, మధ్య పేజీలు, వెన్ను, పిన్నుల ఫొటోలు అడగండి. పేజీలన్నీ ఉన్నాయా, రంగు పూశారా, జిగురు వాడారా, అంచు కత్తిరించారా, కాగితం పెళుసుగా ఉందా అని విడివిడిగా రాసి అడగండి. లిఖితపూర్వకంగా వచ్చిన జవాబు వివాదం వచ్చినప్పుడు మీ ఆధారం. జవాబు దాటవేస్తే వదిలేయండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తెప్పించుకునేవారు కస్టమ్స్ సుంకం గురించి కొరియర్ సంస్థను ముందే అడిగి తెలుసుకోండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ వాళ్లు ఉంటే వారి చిరునామాకు పంపించుకుని, వాళ్లు వచ్చేటప్పుడు తెమ్మనడం సురక్షితం. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, చేతి సంచిలోనే తెమ్మని చెప్పండి. విమానం అడుగున వేసే పెట్టెలో పచ్చడి సీసాల పక్కన అస్సలు వద్దు.

ఇంటికి వచ్చాక

కవరు తెరిచేటప్పుడు ప్లాస్టిక్ సంచి మూత మీది టేపును పూర్తిగా తీసేయండి. పుస్తకం బయటకు లాగుతున్నప్పుడు ఆ టేపు అట్టకు అంటుకుని చింపేస్తుంది. ఈ ఒక్క కారణంగా పాడైన పుస్తకాలు చాలా ఉన్నాయి.

పుస్తకాన్ని పాలియెస్టర్ సంచిలో, మైలార్ అని అమ్మేదానిలో పెట్టండి. ఆ కాలపు పుస్తకాలు ఇప్పటివాటి కన్నా వెడల్పు, కాబట్టి గోల్డెన్ ఏజ్ అనే పేరుతో అమ్మే ఆ పాత పుస్తకాల కొలత సంచి కావాలి. వెనక ఆమ్లరహితమైన, కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్ట పెట్టండి. మామూలు పాలీప్రొపిలీన్ సంచులు కొన్నేళ్లకు మార్చాలి. బజారులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు పుస్తకానికి విషం. ఆమ్లరహితమైన పెట్టెలో నిలువుగా, వంగిపోకుండా, మరీ ఇరుకు కాకుండా నిలబెట్టండి.

మన దగ్గర అసలు శత్రువు తేమ. విశాఖపట్నం, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు గాలిలో తేమ కొలిచే చిన్న పరికరం కొనుక్కోండి. 45 నుంచి 50 శాతం మధ్య, 20 నుంచి 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే మంచిది. పగలంతా ఆపి రాత్రి మాత్రమే ఏసీ వేయడం వల్ల తేమ ఎక్కుతూ దిగుతూ కాగితం అలసిపోతుంది. అంతకన్నా ఏసీ లేని, గాలి ఆడే లోపలి గదిలో మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడమే మెరుగు. బయటి గోడకు ఆనించిన చెక్క బీరువా వద్దు. చెద ముప్పు ఒకటైతే, చెక్క నుంచి వచ్చే ఆమ్లం మరొకటి. నాఫ్తలీన్ గోళీలు, వేపాకులు పెట్టెలో వేయకండి. వేపాకు తేమనూ మరకనూ తెస్తుంది, గోళీల ఆవిరి కాగితానికీ మనకూ మంచిది కాదు. చిరిగితే సెల్లోటేపు వేయకండి, లామినేషన్ మాట తలపెట్టకండి, పేరు రాయకండి, ముద్ర కొట్టకండి.

చదవడానికి చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. తొడుగులు వద్దు, వాటితో పేజీ పట్టు తెలియదు. బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి, పుస్తకాన్ని లంబకోణానికి మించి తెరవకుండా, పేజీని పై మూల పట్టుకుని తిప్పండి. నిగనిగలాడే పునర్ముద్రణలో ఎర్రగా అరిచే రంగు న్యూస్‌ప్రింట్ మీద ఇంకిపోయి ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఈసీ పుస్తకాలకు మారీ సెవెరిన్ వేసిన నీలాలు, పసుపులు ఆ కాగితం కోసమే లెక్కగట్టి వేసినవి.

కొన్న రోజే ఒక పట్టిక రాయండి. పత్రిక పేరు, సంచిక సంఖ్య, సంవత్సరం, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు, ఏ లోపాలున్నాయి, అట్ట రెండువైపుల ఫొటోలు. ఆ పట్టిక ప్రతి ఒకటి ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉంచండి. బీమా చేయించుకోవాలన్నా, ఒకే సంచిక రెండోసారి కొనకుండా ఉండాలన్నా, మీ తర్వాత ఈ పెట్టెను తెరిచేవారు దాన్ని పాత పేపర్ల వాడికి తూకానికి వేయకుండా ఉండాలన్నా అదే ఆధారం.